కృపాకర్ ఇంట్లో చిరుత

బహదూర్‌పురాలో జూపార్కు గోడ వెంబడి పోయే సందులో ఎవర్ని ఆపి కృపాకర్ ఇల్లెక్కడని అడిగినా, "చిరుతల కృపాకరా? అగో, ఆ నీలం గేటు" అని చూపిస్తారు. మీసం మొలిచీ మొలవకముందే జూలో కూలికి చేరి, తర్వాత పర్మనెంటయి, ఇప్పుడు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. కొంగల దగ్గర చేశాడు, ఏనుగుల దగ్గర చేశాడు, చివరికి చిరుతల దగ్గర కుదురుకున్నాడు. మనిషి సన్నం, మాట తక్కువ. గొంతు మాత్రం దేవుడు ఇంకెవరికో చేసింది పొరపాటున ఇతనికి పెట్టినట్టుంటుంది. ఆ గొంతుతో నెమలిని పిలిస్తే నెమలి పలుకుతుంది. నక్కలా కూస్తే సందులో కుక్కలన్నీ లేచి నిలబడతాయి. రంపంతో కట్టె కోస్తున్నట్టు "గర్ర్... హక్, గర్ర్... హక్" అని కడుపులోంచి ఒక చప్పుడు తీశాడంటే, నూరీ అనే ఆడ చిరుత ఎంత అలిగి మూలన కూర్చున్నా మెల్లగా లేచి వచ్చి కటకటాలకు ఒళ్ళు రాసుకుంటుంది.

ఇంత తెలిసీ ఏనాడూ గొప్పలు చెప్పుకోడు. రెండు విషయాల్లో మాత్రం ఎవరి మాటా వినడు. ఒకటి, తన డ్యూటీలో గొళ్ళెం పడని బోను ఇంతవరకు లేదు. రెండు, తాను గురక పెట్టడు.

మొదటిదాన్ని జూలో అందరూ ఒప్పుకుంటారు. రెండోదాన్ని భార్య ఎస్తేరు పెళ్ళయిన మర్నాటి నుంచీ ఖండిస్తూనే ఉంది.

"నువ్వు గురక పెడితే అల్మారల గిన్నెలు కదుల్తయయ్యా," అంటుందామె.

"గిన్నెలు ఎలుకలు కదుపుతయి. నా గురక నాకు ఇనవడకపోతదా?" అంటాడాయన.

ఇంతటి వాదానికి ఎదురు చెప్పలేక ఆమె దిండు తీసుకుని హాల్లోకి పోయేది.

కూతురు సోనీకి పోయినేడు పెళ్ళయింది. అల్లుడు వెస్లీ గచ్చిబౌలి వైపు ఒక కంపెనీలో పనిచేస్తాడు. నోటితో చెబితే లైట్లు వెలిగే, ఫ్యాన్లు తిరిగే సామాన్లు పెద్దవాళ్ళ ఫ్లాట్లలో బిగించడం అతని ఉద్యోగం. ఊరందరి ఇళ్ళలో బిగించి అత్తగారింట్లో బిగించకపోతే ఏం బాగుంటుందని, క్రిస్మస్ కానుకగా ఒక సెట్టు తెచ్చి పెట్టాడు. దాని పేరు సహేలీ. ఇడ్లీ పాత్ర మూతంత గుండ్రటి తెల్ల డబ్బాలు హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, పడకగదిలో ఒకటి. గేటు దగ్గర మాట్లాడే కాలింగ్ బెల్లు. అన్నిటికీ లోపల ఉన్నది ఒకే ఆడగొంతు.

మొదట్లో సహేలీకి ఇంగ్లీషు, హిందీ తప్ప వచ్చేవి కావు. కృపాకర్ కూడా ఆమె జోలికి పోకుండా గోడమీది స్విచ్చి నొక్కుకుని బతికాడు. ఒక ఆదివారం సాయంత్రం చర్చి అయ్యాక వెస్లీ నవ్వుకుంటూ వచ్చి, ఫోనులో ఏదో నొక్కి, "మామా, ఇయాల పెద్ద అప్డేట్ వచ్చింది. కొత్త ఫీచర్లు మస్తున్నయి," అన్నాడు.

"పాతయి ఏం చేసినయి మరి?" అన్నాడు కృపాకర్.

"పాతయి ఉంటయి, కొత్తయి వస్తయి. సూడుండ్రి, ఇప్పుడు సహేలీకి తెలుగొస్తది. అత్తమ్మా, కుక్కర్ విజిల్స్ లెక్కవెట్టి చెప్తది. గ్లాసు పగిలినా, పసిపిల్ల ఏడ్చినా, కుక్క మొరిగినా గుర్తుపడ్తది. ప్రమాదం అనిపిస్తే అన్ని గదులల్ల అనౌన్స్ చేస్తది, గేటుకాడ గూడ చెప్తది, నా ఫోనుకు మెసేజ్ కొడ్తది."

కుక్కర్ సంగతి వినగానే ఎస్తేరు అల్లుడి పార్టీలో చేరిపోయింది. కృపాకర్ మాత్రం ఫ్యాను వైపు చూశాడు.

"చెప్పుండ్రి మామా, మీరే మొదలు చెప్పుండ్రి," అని అల్లుడు బతిమాలాడు.

అల్లుడి మొహం చూసి కాదనలేక ఆయన గొంతు సవరించుకుని, "సహేలీ, ఫ్యాను జర తక్కువ చెయ్," అన్నాడు.

"క్షమించండి," అంది సహేలీ, రేడియోలో వార్తలు చదివినట్టు. "జర అను పేరుతో మీ ఇంట్లో ఏ ఫ్యానూ నమోదు కాలేదు."

"లైటు బంద్ చెయ్."

"నేడు బంద్ గురించి నా వద్ద సమాచారం లేదు."

పైన వాటాలో అద్దెకుండే వెంకట్రావు అప్పుడే నీళ్ళ మోటారు సంగతి అడగడానికి దిగివచ్చాడు. గుంటూరు మనిషి, ఆడిట్ ఆఫీసులో పెద్ద గుమాస్తా. విషయం విని, డబ్బా ముందు కొద్దిగా వంగి, "అమ్మా సహేలీ, ఫ్యాను కాస్త తగ్గించమ్మా," అన్నాడు.

"అలాగేనండి," అంది సహేలీ. ఫ్యాను తగ్గింది.

ఎస్తేరు ముక్కుమీద వేలేసుకుంది. "ఓ యమ్మా! గీ పిల్ల గుంటూరుల సదివిందా ఏంది?"

వెంకట్రావు మొహమాటంగా నవ్వాడు. "మీరు కూడా అలవాటు చేసుకోవచ్చండీ, కష్టమేం కాదు," అని ధైర్యం చెప్పాడు. తన ఇంట్లో తన ఫ్యాను తగ్గించడానికి పై వాటా ఆయన్ని పిలుచుకోవాల్సిన రోజు వచ్చిందని కృపాకర్‌కు మనసులో కష్టమేసింది. అల్లుడిముందు అనలేక లేచి, స్విచ్చి దగ్గరికి పోయి లైటు ఆర్పేశాడు. చీకట్లో వెస్లీ, "రెండు దినాలల్ల మీ మాట నేర్చుకుంటది మామా, ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు.

మర్నాడు సోమవారం. జూకు జనం రాని రోజు. కృపాకర్ పొద్దున్నే పోయి బోన్లు కడిగి, నూరీని, దాని జోడు లాలాను ఒక బోనులోంచి ఇంకో బోనులోకి మార్చి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేశాడు. ఎస్తేరు అంగన్‌వాడీ ఆయా, నాలుగింటిదాకా రాదు. ఆదివారం మిగిలిన బగారన్నం, కోడికూర వేడి చేసుకుని తిని, ఫోను హాల్లో చార్జింగుకు పెట్టి, పడకగదిలో నడుం వాల్చాడు. కోడికూర మీద నిద్ర ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు తెలుసు. తల దిండుకు ఆనిందో లేదో, మనిషి ఈ లోకంలో లేడు.

ఎంతసేపు పడుకున్నాడో, ఇల్లంతా ఒక్కసారిగా కుయ్యోమంది. కళ్ళు తెరిస్తే గదిలో బల్బు ఎర్రగా కొట్టుకుంటోంది. ఆ ఎరుపులో, ఏ తొందరా లేకుండా, సహేలీ చెబుతోంది:

"అత్యవసర ప్రకటన. మీ ఇంటియందు వన్యమృగం ఉన్నట్లు గుర్తించడమైనది. దయచేసి ప్రశాంతంగా ఉండండి."

కృపాకర్ మంచం మీద లేచి కూర్చున్నాడు. ఇంకొకరైతే మిషను పిచ్చిపట్టిందని అనుకునేవాళ్ళు. ఆయన అలా అనుకోలేదు. ఆయనకు గుర్తొచ్చింది పొద్దున బోను. నూరీని లోపలికి తోలి, తలుపు జరిపి, గొళ్ళెం మీద చెయ్యి వేసిన సరిగ్గా ఆ నిమిషానే జేబులో ఫోను మోగింది. ఎస్తేరు. వచ్చేటప్పుడు కొత్తిమీర తెమ్మంది. "సరే" అన్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. కొత్తిమీర తెచ్చాడు కూడా. కానీ గొళ్ళెం? గొళ్ళెం వేశాడా?

ఎంత తవ్వినా కొత్తిమీరే గుర్తొస్తోంది కానీ గొళ్ళెం గుర్తురావడం లేదు.

"యేసయ్యా," అన్నాడు. నూరీ గోడ దూకింది. నూరీకి తన వాసన తెలుసు. వాసన పట్టుకుని సందులోకి వచ్చింది, ఇంట్లోకి వచ్చింది. బయట పిల్లలుంటారు. ఎదురుగా పంక్చర్ షాపులో పాషా భాయ్ ఉంటాడు. ఇన్నేళ్ళ నౌకరీ, ఒక్క మచ్చ లేని నౌకరీ, కొత్తిమీర కట్టతో పోయింది.

ముందు మంచం కింద చూశాడు. చెప్పులున్నాయి. అల్మారా వెనక చూశాడు. ఏమీ లేదు. అయితే హాల్లో ఉంది. ఫోనూ హాల్లోనే ఉంది. చేతికి దొరికిన దుప్పటిని ఎడమచేతికి చుట్టుకుని, తలుపు సందులోంచి తొంగిచూశాడు. అక్కడా లైటు ఎర్రగా కొట్టుకుంటోంది. సోఫా కింద చీకటి. ఆ చీకట్లో ఏదో ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది.

గోడకు ఆనుకుంటూ వంటింట్లోకి పోయి, ఫ్రిజ్ తెరిచి, సాయంత్రానికి ఎస్తేరు పెట్టుకున్న మటన్ తీశాడు. ఒక ముక్కను సోఫా దగ్గరికి విసిరాడు. కదలిక లేదు. ఇంకో మూడు విసిరాడు. లేదు. భయపడ్డ జంతువు తిండికి రాదు, తెలిసిన గొంతుకే వస్తుంది. కృపాకర్ మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ప్రేమగా పిలిచాడు.

"గర్ర్... హక్. గర్ర్... హక్."

"హెచ్చరిక," అంది సహేలీ. "రెండవ వన్యమృగం గుర్తించబడింది."

కృపాకర్ కళ్ళు తెరిచాడు. రెండోది! అంటే లాలా కూడా వచ్చింది. రాకేం, గొళ్ళెం తెరిచి ఉంటే ఒకటి వచ్చి ఒకటి ఉంటుందా? లాలా మొండిది. దాన్ని కాస్త బరువుగా, గద్దించినట్టు పిలవాలి. ఊపిరి పీల్చి, ఇల్లదిరేలా పిలిచాడు.

"హెచ్చరిక. మూడవ వన్యమృగం గుర్తించబడింది. ఇది మునుపటి వాటికంటే పెద్దదిగా ఉండవచ్చు."

ఇదంతా లోపల మాత్రమే జరిగితే ఏ లొల్లీ ఉండకపోను. కొత్త అప్డేట్ ప్రకారం గేటు దగ్గరి బెల్లు కూడా ప్రతి ముక్కా సందులోకి చదివి వినిపిస్తోంది. మొదట పాషా భాయ్ చేతిలో ట్యూబు వదిలేసి వచ్చాడు. తర్వాత సందంతా వచ్చింది. సెలవు పెట్టి ఇంట్లో ఉన్న వెంకట్రావు మెట్లు దిగాలంటే కింది గుమ్మం ముందు నుంచే దిగాలి కాబట్టి, డాబా మీదే గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

"కృపాకర్ భాయ్!" పాషా భాయ్ గేటు బయటినుంచి అరిచాడు. "అందర్ షేర్ హై క్యా?"

"నయ్ భాయ్, చీతా!" లోపలినుంచి జవాబు వచ్చింది. "పిల్లల్ని అవతలికి తోలుండ్రి! గేటు తెరవకుండ్రి! నేను వట్టుకుంట!"

"ఒక్కడే వట్టుకుంటడంట," అని ఆడవాళ్ళు చెంపలేసుకున్నారు. ఎవరో గేటుకు అడ్డంగా ఆటో పెట్టారు.

"కృపాకర్ గారూ," వెంకట్రావు పైనుంచి గొడుగు ఊపాడు, "మూడంటోందండీ! మూడింటినీ మీరొక్కరే ఎలాగండీ?"

ఆ మాట వినగానే కృపాకర్ చేతిలో మటన్ ముక్క చేతిలోనే ఉండిపోయింది. మూడా? లెక్కపెట్టుకున్నాడు. నూరీ ఒకటి. లాలా ఒకటి. తన బోన్లలో ఉన్నవే రెండు. మూడోది ఎవరిది?

"సహేలీ," అన్నాడు అనుమానంగా. "మూడోది యాడికెల్లొచ్చిందే?"

"క్షమించండి. మీ ప్రశ్న నాకు అర్థం కాలేదు."

అంతలో సందు మొదట్లో బండి హారను వినిపించింది. అత్తాపూర్‌లో ఎవరింట్లోనో తీగలు లాగుతున్న వెస్లీ, ఫోనుకు వరసగా మూడు మెసేజులు రావడంతో ఆ తీగలు అలాగే వదిలి వచ్చేశాడు. దారిలో అంగన్‌వాడీ దగ్గర అత్తను ఎక్కించుకున్నాడు. ఎస్తేరు బండి ఆగకముందే దిగి, ఆటోను తోసి, ఎవరాపినా ఆగకుండా గేటు తెరిచి, "ఏమయ్యా! ఉన్నవా?" అని లోపలికి ఉరికింది.

ఉన్నాడు. ఎడమచేతికి దుప్పటి, కుడిచేతిలో మటన్, హాలు మధ్యలో మోకాళ్ళ మీద.

"లోపటికి రాకు ఎస్తేరూ! నూరీ ఉన్నది!"

ఎస్తేరు సోఫా కిందికి వంగి చూసింది. వెస్లీ తలుపుల వెనక, తెరల వెనక చూశాడు. చిరుతా లేదు, చిరుత వెంట్రుకా లేదు. సోఫా కింద నాలుగు మటన్ ముక్కలూ, పోయిన పండక్కి పోయిన రిమోటూ ఉన్నాయి.

వెస్లీ ఫోను తీశాడు. "మామా, సహేలీ ఏం సప్పుడు ఇని అలారం కొట్టిందో రికార్డు చేసి పెడ్తది. అది గూడ కొత్త ఫీచరే. ఒక్క నిమిషం," అని నొక్కాడు. ఫోనులో వినిపిస్తుందనుకున్నాడు పాపం. గేటు స్పీకరులో వినిపించింది.

మొదట ఒక ఈల. తర్వాత బావిలో బకెట్టు పడ్డట్టు ఒక చప్పుడు. ఆ తర్వాత "గ్ఘ్ఘర్ర్ర్ర్... ఖ్ఖ్ఖ్... ఫూఊఊ" అని రాళ్ళు నలగ్గొట్టే మిల్లు తిరిగినట్టు, తెంపు లేకుండా.

సందు అంతా ఊపిరి బిగబట్టి విన్నది. అందరికంటే ముందు పాషా భాయ్‌కి తెలిసింది.

"అరే, యే తో కృపాకర్ భాయ్ కా ఖర్రాటా హై!"

"గురక" అన్న మాట నోటినోటికీ పాకి, నవ్వు గేటు దగ్గర మొదలై సందు చివరిదాకా పోయింది. డాబా మీద వెంకట్రావు గొడుగు ముడిచి, ఎంతో నిజాయితీగా, "అదా అండీ! మూడేళ్ళ నుంచీ నేను నీళ్ళ మోటారనుకుంటున్నానండీ. నిన్న అది అడగడానికే వచ్చాను," అన్నాడు.

ఎస్తేరు నవ్వలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయిన మర్నాటి నుంచీ తాను చెబుతున్న మాటకు మొదటిసారి సాక్ష్యం దొరికింది. అదీ సందంతటి ఎదుట.

"అల్లుడా," అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఇంకొక్కసారి పెట్టు బిడ్డా."

కృపాకర్‌కు ఆ నవ్వులేవీ చెవికెక్కలేదు. దుప్పటి విప్పి పడేసి, ఫోను తీసి, జూలో తోటి కీపరు నగేష్‌కు కొట్టాడు. "నూరీ ఉన్నదా? లాలా? గొళ్ళెం వడ్డదా?" అన్నాడు. రెండూ బోనులోనే పడుకున్నాయని నగేష్ చెప్పాడు. అయినా కృపాకర్ చెప్పులేసుకున్నాడు.

"ఉన్నయని చెప్పిండు గద మామా," అన్నాడు వెస్లీ.

"నేను సూడాలె."

వెస్లీ బండి తీశాడు. మామ పనిచేసే చోటికి అతను ఎప్పుడూ పోలేదు. చిన్నప్పుడు స్కూలు పిల్లలతో కందకం ఇవతల నిలబడి చూసిందే. ఇప్పుడు వెనక వైపు నుంచి, బోన్ల మధ్య సన్నటి దారిలో మామ వెనక నడుస్తుంటే పచ్చిమాంసం, ఫినాయిలు, ఇంకేదో వేడి వాసన కలిసి కొట్టింది. మూలబోనులో చెక్కబల్ల మీద నూరీ, కింద లాలా పడుకుని ఉన్నాయి. గొళ్ళెం పడి ఉంది. దానికి తాళం కూడా పడి ఉంది. కృపాకర్ గొళ్ళెం పట్టుకుని లాగి చూశాడు. మళ్ళీ లాగాడు.

"దినాం గిట్లనే అల్లుడా," అన్నాడు కృపాకర్ తలతిప్పకుండా. "గేటుదాక పోత, మళ్ళొచ్చి సూస్త. ఇయాల మళ్ళ రాలే. కొత్తిమీర కొనాలె గద అని పోయిన."

వెస్లీ తన విద్యలోనే ఓదార్పు వెతికి, "మామా, గొళ్ళానికి చిన్న సెన్సర్ పెట్టొచ్చు. పడంగనే మీ ఫోనుకు మెసేజ్ వస్తది," అన్నాడు.

"మెసేజ్ వస్తది. నిజమేనా కాదా అని మళ్ళ నేనే వచ్చి సూస్త," అన్నాడు కృపాకర్. అని, అంతదాకా లేని నవ్వు నవ్వాడు. అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, "ఇను" అని, బోనువైపు తిరిగి మెల్లగా పిలిచాడు.

నూరీ ఒక కన్ను తెరిచింది. లేచి, ఒళ్ళు విరుచుకుని, బల్ల దిగి వచ్చి కటకటాలకు మెడ రాసుకుంటూ అదే చప్పుడు తిరిగి చేసింది. ఆ చప్పుడు చెవుల్లో కాదు, కడుపులో వినిపించింది వెస్లీకి. తెలియకుండానే మామ చొక్కా పట్టుకున్నాడు. కృపాకర్ ఆ చేతిని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

సాయంత్రం ఎస్తేరు, మటన్ లేదు కాబట్టి, గుడ్లకూర వండింది. కుక్కర్ మూడు విజిల్స్ అయ్యాయని సహేలీ చెప్పింది, ఆమె "సరే బిడ్డా" అంది. సహేలీని ఇంట్లోంచి తీసేద్దామన్న మాట ఎవరూ ఎత్తలేదు. పడకగది డబ్బాను మాత్రం ఏం చెయ్యాలో తేల్చాల్సి వచ్చింది. వెస్లీ కంచం ముందు కూర్చుని ఫోనులో సెట్టింగులు వెతికాడు. పట్టించుకోవద్దని చెప్పదగ్గ శబ్దాల్లో మిక్సీ ఉంది, కుక్క ఉంది, వాషింగ్ మెషీన్ ఉంది. గురక అనేదీ ఉంది. కానీ ఈ రికార్డింగును అందులో పెట్టబోతే, ఇది మనిషి శబ్దం కాదని సహేలీ ఒప్పుకోవడం లేదు. చివరికి అతను ఇంకేదో నొక్కాడు. ఈసారి ఒప్పుకుంది.

"ఏం పెట్టినవ్ బాబు?" అని గరిటె పట్టుకుని ఎస్తేరు వంగి చూసింది.

వెస్లీ మామ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "పెంపుడు జంతువు అని పెట్టిన అత్తమ్మా."

ఎస్తేరు చేతిలో గరిటె జారి కూరలో పడింది. కొంగు నోట్లో కుక్కుకుని గోడ పట్టుకుంది.

"ఏమైంది?" అన్నాడు కృపాకర్, అన్నం కలుపుతూ.

"ఏం లేదు మామా," అన్నాడు వెస్లీ. "అప్డేట్ అయింది."